ఊరికి పట్టుకపోయే చవక లాప్‌టాప్ కొనకుండ్రి



పోయిన ఆదివారం మన గ్రూపులో ఒక పోస్టరు తిరిగింది. అందరూ చూసే ఉంటరు. ఊరికి పోయేటోళ్లకు స్పెషల్ ఆఫర్, స్టూడెంట్ లాప్‌టాప్, 749 దిర్హాములు, బ్యాగు ఫ్రీ, మౌసు ఫ్రీ అని. దాని కింద చానామంది బొటనవేలు గుర్తు పెట్టిన్రు. ఇద్దరు ముగ్గురు షాపు లొకేషన్ పెట్టమని అడిగిన్రు. అడ్మిన్ తమ్ముడు మంచి మనసుతోనే పెట్టిండు, ఆయన మీద నాకు కోపం లేదు. ఆ పోస్టరు మీద మాత్రం చాలా కోపం ఉంది. ఎందుకంటే కొన్నేళ్ల కింద దాదాపు అదే ధరకు, అవే మాటలు విని, అటువంటిదే ఒకటి నేను కొన్న. అందుకే ఈ వారం బులెటిన్‌లో జాగా ఇయ్యమని అడిగి రాస్తున్న. జర పొడుగు అయితది. రూముకు పోయినంక తీరిగ్గ చదువుండ్రి.

నా మాట ముందే చెప్తున్న. ఆ రకం లాప్‌టాప్ చవకది కానే కాదు. మనం దాన్ని ఆఖరి వారంలో కొంటం, సూట్‌కేసు తూకం వేసే రోజు కొంటం. షాపువానికి ఆ సంగతి తెలుసు. మన టికెట్ తారీఖు అడిగి మరీ సరుకు చూపిస్తడు. అది మొరాయించేసరికి మనం శంషాబాద్ దాటి ఇంట్ల ఉంటం, లేకపోతే తిరిగొచ్చి సైటుమీద ఉంటం, లాప్‌టాప్ ఊర్ల ఉంటది. వాని కౌంటరు దగ్గరికి అది ఎన్నడూ వాపసు రాదు. వాని లాభమంతా ఆ దూరం మీదనే.

749 దిర్హాములు అంటే ఎంతో మొదలు లెక్క చూద్దాం. మారకం కాదు, మన చెమట లెక్క. హెల్పర్ తమ్మునికి బేసిక్ 800 దిర్హాములు అనుకోండి. నెలకు 30 రోజులు, రోజుకు 8 గంటలు. గంటకు 3 దిర్హాముల 33 ఫిల్సులు పడుతది. ఓవర్‌టైముకు ఇక్కడి చట్టం ప్రకారం కనీసం పాతిక శాతం ఎక్కువియ్యాలె. అంటే గంటకు 4 దిర్హాముల 17 ఫిల్సులు. ఆ లాప్‌టాప్ పైసలు ఓవర్‌టైములనే రావాలంటే 180 గంటలు చెయ్యాలె. రోజుకు రెండు గంటలు చేస్తే 90 పని రోజులు. వారానికొక సెలవు తీసేస్తే మూడున్నర నెలలు. మూడున్నర నెలలు అందరికన్న రెండు గంటలు ఆలస్యంగా బస్సెక్కి, చల్లబడ్డ కూర తిని పడుకుంటే వచ్చే పైసలవి. వాటిని షాపువాడు పది నిమిషాల్లో లెక్కపెట్టి గల్లాపెట్టెల వేసుకుంటడు.

ఇప్పుడు నా సంగతి. మా బిడ్డ పాలిటెక్నిక్‌ల సివిల్ తీసుకుంది. నేను చూసే పనే బిడ్డ చదువుతుందని ఎంత సంతోషమయ్యిందో చెప్పలేను. మొదటి ఏడు అయిపోతుంటే ఫోన్ల "బాపు, లాప్‌టాప్ ఉంటే మంచిగుంటది, డ్రాయింగ్ నేర్చుకోవాలె" అన్నది. నాకు సెలవు ఇంకో పది రోజులే ఉంది. బర్ దుబాయ్‌లో కంప్యూటర్ షాపులుండే వీధికి పోయి, దీపాల వెలుతురుకు కండ్లు చెదిరి, సీలు వేసిన డబ్బా ఒకటి తీసుకున్న. డబ్బా మీద ఏం రాసి ఉందో చదవలేదు. కొత్తది, పెద్ద స్క్రీను, పేరున్న కంపెనీ, నా చేతిల ఉన్న పైసలకు వస్తుంది. ఇంకేం కావాలె అనుకున్న. సైటుమీద సిమెంటు బస్తా దిగితే తయారైన తారీఖు చూడకుండ దించనియ్యని మనిషిని నేను. నా బిడ్డకు కొనేటప్పుడు కాగితం చూడలేదు.

ఊరికి పోయినంక డబ్బా విప్పుతుంటే ఇల్లంతా చుట్టూ కూసున్నరు. మా అమ్మ పసుపుకుంకుమ పెట్టింది. నెల రోజులు బాగనే ఉంది. నేను వాపసొచ్చిన. వీడియో కాల్‌ల అడిగినప్పుడల్లా "మంచిగనే నడుస్తుంది బాపు" అనేది. ఎనిమిదో నెలల మూత దగ్గర హింజి విరిగిందని మా ఇంటామె చెప్పింది. నాకు కోపమొచ్చింది. "పైసలు చెట్లకు కాస్తున్నయా, ఒక వస్తువు సరిగ్గ పట్టుకోరాదా" అని ఫోన్ల బిడ్డను తిట్టిన. ఆమె ఏమీ అనలేదు. మల్లా సెలవుల పోయినప్పుడు చూస్తే లాప్‌టాప్ బల్లమీద ఒక బట్ట కప్పి ఉంది. పొద్దున అందరికన్న ముందు బస్సుకు పోతుంటే ఎందుకమ్మా ఇంత తొందర అని అడిగిన. కాలేజీ ల్యాబు తెరవంగనే పోతే ఒక గంట కంప్యూటర్ దొరుకుతదట. ఏడాది నుంచి అట్లనే చేస్తుంది. ఇంట్ల ఉన్నది తెరుచుకోనీకే పది నిమిషాలు, ఆటోకాడ్ ఎక్కనే ఎక్కదు, అప్‌డేటు మొదలైతే జాగా లేదని ఆగుతది. మరి నాకెందుకు చెప్పలేదంటే, "నువ్వు కష్టపడి తెచ్చినవు గద బాపు" అన్నది.

నేను ఇది రాసేదే ఆ మాట కోసం. మన పిల్లలు చెప్పరు. మనం ఎండల నిలబడి పంపిన వస్తువు పనికిరానిదని వాళ్ల నోటితోని అనలేరు. షాపువాడు చేసిన మోసాన్ని మన పిల్లలు నోరు మూసుకోని మోస్తరు. మీద మనం వాళ్లనే తిడతం.

విరిగింది నా బిడ్డ చేతుల వల్ల కాదని నాకు తరువాత తెలిసింది. సికింద్రాబాద్‌ల పరేడ్ గ్రౌండ్స్ దగ్గర చెనాయ్ ట్రేడ్ సెంటర్, అందరూ సీటీసీ అంటరు, అక్కడికి తీసుకపోయిన. రిపేరు చేసే పిలగాడు నా కండ్ల ముందే విప్పి చూపించిండు. మూతను పట్టుకునే ఇనుప హింజి గట్టిగానే ఉంది. అది స్క్రూలతోని చిన్న చిన్న ఇత్తడి నట్లకు బిగించి ఉంది. ఆ నట్లు పలుచని ప్లాస్టిక్‌ల దిగ్గొట్టి ఉన్నయి. మూత తెరిచి మూసినప్పుడల్లా ఆ బలమంతా ప్లాస్టిక్ మీదనే పడుతది. ఒక రోజు నట్టు పెచ్చుతో సహా ఊడి వస్తది. మన భాషల చెప్పాలంటే హాలో బ్లాకుల యాంకర్ బోల్టు కొట్టి దానికి ఏసీ అవుట్‌డోర్ యూనిట్ వేలాడదీసినట్టు. బోల్టు మంచిదే, బరువు మామూలే, గోడనే లేదు. అట్ల కొడితే మన సైటుమీద ఎవరిని ఇంటికి పంపిస్తరు? అది వాడుకునే ఇంటాయననైతే కాదు గద.

ఇగ లోపల సంగతి. నాకు పదో తరగతి చదువే, కానీ ఆ పిలగాడు చెప్పింది నాకు బాగ అర్థమయ్యింది, మీకు కూడా అయితది. ర్యాం అంటే పని చేసే జాగా, స్టోరేజీ అంటే స్టోరు రూము. ఆ ఆఫర్ లాప్‌టాప్‌ల పని చేసే జాగా 4 జీబీ, స్టోరు 64 జీబీ. విండోస్ 11 ఎక్కాలంటే మైక్రోసాఫ్ట్ వాళ్లు పెట్టిన కనీస గీత సరిగ్గ అదే, 4 జీబీ, 64 జీబీ. ఆ గీత మీద కాలివేళ్లతోని నిలబడ్డ సరుకు అది. సీ40 కాంక్రీటు అడిగితే 28 రోజుల క్యూబు అన్నిసార్లు సరిగ్గ 40 దగ్గరనే పగిలితే కన్సల్టెంటు మొఖం ఎట్ల పెడతడో మీకు తెల్వదా? 64 జీబీ స్టోరుల విండోసే సగం దాకా తినేస్తది. తరువాత అప్‌డేటు వస్తే అది దించుకోనీకే మల్లా జాగా కావాలె. పిల్లలు నాలుగు వీడియో పాఠాలు దాచుకుంటే నిండిపోతది.

మరి పెంచుకోరాదా అంటరు. అక్కడనే అసలు కిరికిరి. మామూలు లాప్‌టాప్‌లల ఎస్ఎస్‌డీ అని ఒక చిన్న పలక ఉంటది, ఊడదీసి పెద్దది పెట్టుకోవచ్చు. వీటిలల ఈఎంఎంసీ అనేది పెడతరు. అది ఫోన్లలో, మెమరీ కార్డులల ఉండే జాతిది, బోర్డుకే సోల్డరు పెట్టి ఉంటది. చానా మోడళ్లల ర్యాం కూడా అంతే. కాంక్రీటు లోపల పోసేసిన పైపు లెక్క. లీకైతే పైపు మార్చలేం, స్లాబే పగలగొట్టాలె. బోర్డు పోతే అందుల ఉన్న ఫోటోలు, ప్రాజెక్టులు కూడా దాదాపు పోయినట్టే.

ప్రాసెసర్ సెలెరాన్ అని ఉంటది. ఎక్కువగా కనబడేది ఎన్4020. అందుల రెండే కోర్లు, అంటే ఇద్దరే కూలీలు. వాళ్లు కూడా వేడి తగిలితే మెల్లగయితరు, ఎందుకంటే ఈ రకం వాటిలల చానావాటికి ఫ్యానే ఉండదు. మే నెలల మన దిక్కు రేకుల ఇంట్ల అది ఎట్ల నడుస్తదో మీరే ఊహించుకోండి. ఇంకో మాట, 2023 నుంచి కొత్త లాప్‌టాప్‌లకు సెలెరాన్ అనే పేరునే ఇంటెల్ కంపెనీ తీసేసింది. పేరు తీసేసినంక మిగిలిన సరుకు ఎక్కడికి పోతుంది? "స్టూడెంట్" అని స్టిక్కరు వేసుకోని మన దగ్గరికి వస్తుంది.

మా క్యాంపుల, పక్క క్యాంపుల కొన్నోళ్లను అడిగి చూసిన. మెట్‌పల్లి దిక్కు ఒక స్టీల్ ఫిక్సర్ తమ్ముడు తన తమ్ముడి డిగ్రీకి కొన్నడు. అందుల బయటి సాఫ్ట్‌వేర్ ఏదీ ఎక్కకపాయె. అది "ఎస్ మోడ్"ల వస్తదట, మైక్రోసాఫ్ట్ స్టోరుల దొరికేవే ఎక్కుతయి. షాపుకు తీసుకపోతే లాకు తియ్యాలె అని 80 దిర్హాములు గుంజిన్రు. తమ్మీ, అది ఫ్రీ. స్టోరులకు పోయి ఒక బటన్ నొక్కితే బయటికొస్తది, మల్లా వెనక్కి పోరాదు, అంతే. బటన్ నొక్కినందుకు 80 దిర్హాములు. పంతొమ్మిది గంటల ఓవర్‌టైం.

కోనసీమ నుంచి వచ్చిన షట్టరింగ్ కార్పెంటర్ అన్నది ఇంకా అన్యాయం. ఏడో నెలల బోర్డు పోయింది. వారంటీ ఏడాది ఉంది గద అని రాజమండ్రి తీసుకపోతే, ఇది గల్ఫుల అమ్మిన పీసు, ఇక్కడ చెల్లదు అన్నరు. ఊరి నుంచి వచ్చే మనిషి చేత ఇక్కడికి తెప్పించిండు. ఇక్కడ షాపువాడు బిల్లు ఏది అన్నడు. బిల్లు ఆ థర్మల్ కాగితం మీద ఉంది, ఇంటిదగ్గర బీరువాల తెల్లగయిపోయింది. బిడ్డ చేసుకున్న ప్రాజెక్టు పోయింది, పెండ్లి ఫోటోలు పోయినయి. వారంటీ ఉండి కూడా లేనట్టే.

న్యాయంగ ఇంకోటి కూడా చెప్పాలె. కామారెడ్డి దిక్కు ఒక కాక అటువంటిదే తీసుకపోయి కిరాణం షాపుల పెట్టిండు. మూడేళ్లయ్యింది, రాత్రి పూట బాకీల లెక్క రాసుకోని, పాత పాటలు వింటడు. మంచిగనే ఉంది అంటడు. నిర్మల్ దిక్కు ఇంకో పిలగాడు విండోస్ తీసేసి లినక్స్ వేసుకున్నడు, దాంతోని పానం లేచొచ్చింది అంటున్నడు. నేను కాదనను. లెక్కలు రాసుకోనీకే, సినిమా చూడనీకే అయితే అది చాలు. కానీ దాన్ని స్టూడెంట్ లాప్‌టాప్ అని అమ్ముతున్నరు చూడు, అక్కడ నా కొట్లాట. ఆటోకాడ్ చేసే కంపెనీ వాళ్లే కనీసం 8 జీబీ ర్యాం కావాలె అంటున్నరు. ఫోన్ యాప్‌లు తయారుచేసే ఆండ్రాయిడ్ స్టూడియో కూడా అంతే, 8 జీబీ లేకపోతే మాట్లాడదు. ఇంజినీరింగు, పాలిటెక్నిక్ పిల్లలు చేసే పనే అది చెయ్యలేదంటే స్టూడెంట్ అన్న మాటకు అర్థం ఏముంది?

గ్రూపుల ఒక అన్న నాతోని వాదం పెట్టుకున్నడు. "పేదోనికి అదే ఎక్కువ, ఏదో ఒకటి ఉండనీ" అన్నడు. పేరు రాయను, మంచి మనిషే. కానీ ఈ మాట నేను చానా ఏండ్ల నుంచి వింటున్న, ప్రతిసారి ఎవడో ఒకడు మన పేరు మీద బతుకుతడు. ఆకాశ్ టాబ్లెట్ గుర్తుందా? 2011 అక్టోబర్ 5 నాడు కేంద్ర మంత్రి కపిల్ సిబల్ ఢిల్లీల విడుదల చేసిండు. 35 డాలర్లకే విద్యార్థికి కంప్యూటర్ అని ప్రపంచమంతా మోగిపోయింది. దాన్ని బిగించింది మన హైదరాబాద్‌లనే. అందుల ఏముంది? 256 ఎంబీ ర్యాం, వేలు గట్టిగ ఒత్తితేనే కదిలే పాతకాలం టచ్ స్క్రీను, తొందరగ దిగిపోయే బ్యాటరీ. పిల్లలు, సార్లు మొత్తుకున్నరు. వచ్చే ఏడాదే ర్యాం రెట్టింపు చేసి, టచ్ మార్చి ఆకాశ్ 2 అని తేవాల్సొచ్చింది. అంత పెద్ద సర్కారే తక్కువ ధర అనే మాటకు పడిపోయి పిల్లల చేతిల పనికిరాని పలక పెట్టింది. ఏదో ఒకటి ఉండనీ అంటే ఇట్లనే ఉంటది. పేదోనికి రెండోసారి కొనే తాకత్ ఉండదు. అందుకే పేదోడు మొదటిసారే సరైనది కొనాలె. ఉన్నోడు తప్పు కొంటే పక్కకు పడేస్తడు.

నా లెక్కనే చూడుండ్రి. 749 దిర్హాములు, అప్పటి మారకానికి పదిహేడు వేలు. హింజి రెండుసార్లు అతికిచ్చిన, రెండోసారి వెనక ప్యానెల్ మార్చిన, నాలుగు వేలు. ఆఖరికి సీటీసీలనే పంతొమ్మిది వేలకు ఒక సెకండ్ హ్యాండ్ తీసుకున్న. మొత్తం నలభై వేలు. మొదలే ఆ పంతొమ్మిది వేలది తీసుకుంటే ఇరవై ఒక్క వేలు, ఒక ఏడాది పొద్దుపొద్దున బస్సు, ఇంకా నేను తిట్టిన తిట్లు మిగిలేవి. ఆ సెకండ్ హ్యాండ్‌ది ఇప్పటికీ నడుస్తుంది. బిడ్డ దాని మీదనే డిప్లొమా పూర్తి చేసింది.

సెకండ్ హ్యాండ్ అనంగనే మనోళ్లకు నామోషీ. గల్ఫు నుంచి వచ్చినోడు పాతది తెచ్చిండని చుట్టాలు అంటరని భయం. డబ్బా మీద సీలు చూసి సంబరపడేది చుట్టాలు, రోజూ కూసోని దాన్ని వాడేది మన పిల్లలు. ఎవరి కోసం కొంటున్నమో ముందు తేల్చుకోండి. పెద్ద పెద్ద కంపెనీలు ఆఫీసుల కోసం వేరే జాతి లాప్‌టాప్‌లు కొంటయి. లెనోవో థింక్‌ప్యాడ్, డెల్ లాటిట్యూడ్, హెచ్‌పీ ఎలైట్‌బుక్ అని వాటి పేర్లు. మూడు నాలుగేండ్లు వాడి గుంపుగ మార్చేస్తయి. అవే శుభ్రం చేసి ఇక్కడ, ఊర్ల కూడా అమ్ముతరు. వాటి హింజిలు గట్టిగ ఉంటయి. చానా మోడళ్లల ర్యాం, ఎస్ఎస్‌డీ, బ్యాటరీ అన్నీ స్క్రూడ్రైవరుతోని మార్చుకోవచ్చు. ఎట్ల విప్పాల్నో చెప్పే పుస్తకం కూడా ఆ కంపెనీలే ఇంటర్నెట్‌ల పెడతయి. సీటీసీల ఏ సామానంటే ఆ సామాను దొరుకుతది.

అయితే ఇందుల కూడా దొంగలున్నరు, కండ్లు మూసుకోని పోకుండ్రి. సిరిసిల్ల తమ్ముడు ఒకడు "ఐ5, 8 జీబీ, 350 దిర్హాములే" అని సంబరంగ చూపించిండు. ఐ5 నిజమే. ఏ కాలపు ఐ5? తీసి చూస్తే ఐ5 2520. అది 2011ల వచ్చింది. అంటే ఆకాశ్ వయసుది. ఐ5 పక్కన ఉండే నంబరు చూడాలె. 8250, 8350 అని ఎనిమిదితోని మొదలైతే ఎనిమిదో తరం, నాలుగు కోర్లు, విండోస్ 11 అధికారికంగ ఎక్కుతది. 7తోని, 6తోని మొదలయ్యే ఐ5లకు మైక్రోసాఫ్ట్ విండోస్ 11 ఇయ్యలేదు, విండోస్ 10కేమో 2025 అక్టోబర్ 14తోని మామూలు సపోర్టు ఆపేసింది. కాబట్టి ఎనిమిదో తరానికి తక్కువది ఎంత చవకకిచ్చినా పిల్లల చదువుకు వద్దు. ర్యాం 8 జీబీ, ఎస్ఎస్‌డీ 256 జీబీ, ఇంతకు తక్కువ దిగకుండ్రి.

షాపుల నిలబడ్డప్పుడు సిగ్గుపడకుండ్రి. బ్యాటరీ రిపోర్టు తియ్యమనండి. అందుల డిజైన్ కెపాసిటీ ఒకటి, ఫుల్ ఛార్జ్ కెపాసిటీ ఒకటి ఉంటయి. రెండోది మొదటి దాంట్ల సగానికి దిగిపోతే బ్యాటరీ ముసలిదయినట్టు, మార్చియ్యమని అడగండి, లేకపోతే ధర తగ్గించమనండి. స్విచ్చాఫ్ చేసి మల్లా వేయించి చూడండి, మొదట్లనే పాస్‌వర్డు అడిగినా, ఏదో కంపెనీ పేరు మీద మేనేజ్ అవుతుందని వచ్చినా అక్కడనే వదిలేసి రండి. అది ఏదో ఆఫీసు తాళం తియ్యకుండ బయటికొచ్చిన సరుకు, ఎప్పుడు బిగుసుకుపోతదో తెల్వదు. కింద పెట్టి చూస్తే సమంగ నిలబడకుండ ఊగితే బ్యాటరీ ఉబ్బిందేమో చూడండి, అటువంటిది ముట్టనే ముట్టకండి. బిల్లు మీద మోడలు, సీరియల్ నంబరు రాయించి, ఆ బిల్లును వెంటనే ఫోన్ల ఫోటో తీసి పెట్టుకోండి. కోనసీమ అన్న సంగతి మర్చిపోకండి. బిల్లు ఉంటేనే ఇక్కడ కన్జ్యూమర్ ప్రొటెక్షన్ వాళ్ల దగ్గర ఫిర్యాదు చెయ్యొచ్చు, లేకపోతే మన మాటకు రుజువు లేదు.

ఇక్కడ కొనాలె అనుకుంటే సెలవుకు రెండు నెలల ముందే కొనండి. రూముల పెట్టి రోజూ వాడండి. ఇంటికి వీడియో కాల్ దాంట్లనే చెయ్యండి, సినిమా పెట్టండి, మూత పదిసార్లు తెరిచి మూయండి, అప్‌డేటు పూర్తిగ కానియ్యండి. ఖరాబయ్యేదయితే ఇక్కడనే కానియ్యండి, షాపు బస్సు దూరంలో ఉన్నప్పుడే. కొత్తది కొంటే వారంటీ ఇండియాల చెల్లుతదా అని అడిగి, చెల్లుతదంటే బిల్లు మీదనే రాయించండి. నోటిమాటకు విలువ లేదు. రాయనంటే అర్థం చేసుకోండి. ఊరికి పోయేటప్పుడు లాప్‌టాప్ చేతిసంచిలనే పెట్టుకోండి. పద్దెనిమిదేండ్లు దాటిన మనిషి ఒక లాప్‌టాప్ సుంకం లేకుండ తెచ్చుకోవచ్చు. కస్టమ్స్‌ల పైసలు పడుతయని ఎవరన్న భయపెడితే ఒక్కదానికి పడవు.

అసలు ఇక్కడనే ఎందుకు కొనాలె అని కూడా అడుగుతున్న. ఒకప్పుడు టేపు రికార్డరు, వీసీఆర్ ఇక్కడి నుంచి పట్టుకపోతేనే ఊర్ల ఉండేవి. ఇప్పుడు హైదరాబాద్‌ల దొరకనిది ఏముంది? ఆ పైసలే పిల్లలకు పంపుండ్రి. ఏ చదువుకు ఏం కావాల్నో వాళ్ల సార్లను అడిగి, సీనియర్లను తీసుకపోయి వాళ్లే చూసి కొనుక్కుంటరు. వారంటీ అక్కడే, సర్వీసు సెంటరు అక్కడే, ప్లగ్గు కూడా అక్కడి గుండ్రపు పిన్నులదే. మనం చేతుల పట్టుకపోయి ఇచ్చిన సంబరం ఒక్కటి తగ్గుతది. నాకు కూడా ఆ సంబరం ఇష్టమే, అమ్మ పసుపుకుంకుమ పెట్టిన ఫోటో ఇప్పటికీ ఫోన్ల ఉంది. కానీ ఆ ఒక్క పూట కోసం నా బిడ్డ ఏడాది పాటు ఏం చేసిందో చెప్పిన గద.

గ్రూపు పెద్దలకు ఒక మనవి, మనవి కాదు, కొంచెం గట్టిగనే అడుగుతున్న. ఇకనుంచి లాప్‌టాప్ ఆఫర్ పోస్టరు ఏది వచ్చినా నాలుగు సంగతులు లేకుండ గ్రూపుల పెట్టకండి. ర్యాం ఎంత, స్టోరేజీ ఎస్ఎస్‌డీనా ఈఎంఎంసీనా, ప్రాసెసర్ పూర్తి నంబరు ఏంది, వారంటీ ఇండియాల ఉందా లేదా. షాపువాణ్ణి అడగండి. వాడు చెప్పకపోతే పోస్టరు వాపసు పంపండి. మన గ్రూపుల వచ్చిందంటే మన సంఘమే మాట ఇచ్చినట్టు అనుకోని కొంటున్నరు తమ్ముళ్లు. డ్యూటీల దెబ్బ తగిలితే, జీతం ఆగితే ఈ గ్రూపే దిక్కు అని నమ్ముకున్నోళ్లు వాళ్లు. ఆ నమ్మకాన్ని బ్యాగు, మౌసు ఫ్రీ అనే షాపువానికి ఊరికె ఇచ్చుడు నాకు నచ్చలేదు. ఈ మాట అన్నందుకు ఎవరికన్న కోపమొస్తే నాతోని మాట్లాడుండ్రి.

ఇప్పటికే ఊరికి పంపినోళ్లు ఈ రాత్రే ఇంటికి ఫోన్ చెయ్యండి. "మంచిగ నడుస్తుందా" అని అడిగితే మంచిగనే అంటరు. అట్ల అడగకండి. తెరుచుకోనీకే ఎంతసేపు పడుతుంది, నీ కాలేజీ పని దాంట్ల అయితుందా, ల్యాబుకు పోయి చేస్తున్నవా అని అడగండి. ఖరాబయ్యిందంటే తిట్టకండి.

ఇంక పోయిన వారం ఆఫర్ చూసి ఆల్రెడీ కొన్న తమ్ముళ్లు ముగ్గురు నాకు విడిగా మెసేజ్ పెట్టిన్రు. షాపుకు వాపసు గడువు ఉంటది, బిల్లు వెనక రాసి ఉంటది, ఒక్కో షాపుల ఒక్కో తీరు. డబ్బా, థర్మాకోల్, మౌసుతో సహా ఏదీ పారెయ్యకండి. ఈ ఆదివారం మధ్యాహ్నం భోజనాలైనంక మా క్యాంపు మెస్సు దగ్గరికి పట్టుకోని రండి. కూసోని చూద్దాం, గడువుల ఉంటే సాయంత్రం అందరం కలిసే షాపుకు పోదాం. ఒక్కడు పోతే మాట వినడు, నలుగురం నిలబడితే వింటడు.